దవడ ఎముక తగ్గినవారికి పొట్టి ఇంప్లాంట్లు: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

కోటి విద్యలు కూటి కొరకే అని పెద్దలు అన్నారు. ఆ కూడు నమిలి తినాలంటే నోట్లో పళ్ళుండాలి. దవడ పళ్ళు పోయినవారు అన్నం మెత్తగా పిసుక్కుని, మజ్జిగ పోసుకుని మింగడానికి మెల్లమెల్లగా అలవాటు పడతారు. జొన్నరొట్టె, జామకాయ, వేరుశనగ గుళ్ళు, మాంసం ముక్క ఒక్కొక్కటిగా వారి కంచంలోంచి తప్పుకుంటాయి. కట్టుడు పళ్ళు జారిపోతాయేమోనన్న భయంతో నలుగురిలో నవ్వడానికి, ఆదివారం ఆరాధనలో గొంతెత్తి పాడడానికి కూడా కొందరు పెద్దవారు వెనుకాడుతుంటారు.

ఇటువంటివారిని ఇంటివాళ్ళు దంతవైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు తరచుగా వినే మాట ఒకటుంది. "దవడ ఎముక తగ్గిపోయింది. మామూలు ఇంప్లాంట్ పట్టేంత ఎముక లేదు" అని. ఆ మాట విని కొందరు ఇక దారి లేదనుకుని ఇంటికి వచ్చేస్తారు. ఎముక పెంచే ఆపరేషను అనగానే మరికొందరు ఖర్చుకో, భయానికో ఆగిపోతారు. అయితే ఎముక ఎత్తు తగ్గినవారిలో చాలామందికి మరో మార్గం ఉంది. అవే పొట్టి ఇంప్లాంట్లు. ఇవి అందరికీ సరిపోవు. సరిపోయినవారిలో కూడా శుభ్రత, అలవాట్లు సరిగా లేకపోతే ఎక్కువ కాలం నిలవవు. అందుకే రోగితోపాటు ఇంటివారు కూడా ఈ విషయాలు తెలుసుకోవడం అవసరం.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

పోయిన పన్ను వేరు స్థానంలో దవడ ఎముకలో బిగించే చిన్న మరను ఇంప్లాంట్ అంటారు. సాధారణంగా దీనిని టైటానియం అనే లోహంతో తయారు చేస్తారు. ఇంప్లాంట్ ఎముకతో అతుక్కున్న తర్వాత దానిపై ఒక చిన్న దిమ్మెను, ఆ దిమ్మెపై పన్ను ఆకారంలో ఉండే తొడుగును బిగిస్తారు. చూడడానికి, నమలడానికి అది సొంత పన్నులాగే ఉంటుంది.

టైటానియంను ఎముక తనలో కలుపుకుంటుందన్న సంగతి స్వీడన్ దేశానికి చెందిన పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుని వల్ల లోకానికి తెలిసింది. 1952లో ఆయన కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన ఒక చిన్న పరికరాన్ని అమర్చి రక్తప్రసరణను పరిశీలించారు. పని పూర్తయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దానిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ అనుభవమే దంత ఇంప్లాంట్లకు పునాది అయింది. 1965లో ఆయన మొదటిసారిగా ఒక మనిషి దవడలో ఇటువంటి ఇంప్లాంట్లు అమర్చారు.

పన్ను పోతే ఎముక ఎందుకు తగ్గుతుంది?

పంటి వేరు చుట్టూ ఉండే ఎముక పంటి కోసమే ఉంటుంది. మనం నమిలినప్పుడల్లా ఆ ఒత్తిడి వేరు ద్వారా ఎముకకు చేరి దానిని బలంగా ఉంచుతుంది. పన్ను తీసేశాక ఆ పని ఆగిపోతుంది. వాడని కండ ఎలా సన్నబడుతుందో ఆ ఎముక కూడా అలాగే తగ్గుతుంది. పన్ను తీసిన మొదటి సంవత్సరంలో, అందులోనూ మొదటి కొన్ని నెలలలో, ఈ తగ్గుదల ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఏళ్ళ తరబడి సాగుతుంది.

దీనికి తోడు మరికొన్ని కారణాలున్నాయి. చిగుళ్ళ వ్యాధి వల్ల పళ్ళు కదిలి ఊడినవారికి, పన్ను ఊడకముందే చాలా ఎముక పోయి ఉంటుంది. వదులుగా ఉన్న కట్టుడు పళ్ళను ఏళ్ళ తరబడి వాడితే కింద ఉన్న ఎముక ఒరుసుకుని అరుగుతుంది. దెబ్బలు తగలడం, దవడలో గడ్డలు, వాటికి చేసిన ఆపరేషన్లు కూడా ఎముకను తగ్గిస్తాయి.

ఎముక తగ్గితే వచ్చే చిక్కు ఎక్కడ?

వెనుక దవడ పళ్ళ దగ్గర ఈ చిక్కు ఎక్కువ. దానికి పై దవడలో ఒక కారణం, కింది దవడలో మరొక కారణం ఉన్నాయి.

పై దవడలో దవడ పళ్ళ వేళ్ళకు పైన, బుగ్గ ఎముక లోపల గాలితో నిండిన గది ఉంటుంది. దానిని సైనస్ అంటారు. పళ్ళు పోయాక ఒకవైపు ఎముక కింద నుంచి అరుగుతుంటే, మరోవైపు సైనస్ గది కిందికి విస్తరిస్తుంది. కొందరిలో చివరికి చిగురుకూ సైనస్‌కూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల ఎముక మాత్రమే మిగులుతుంది.

కింది దవడలో ఎముక లోపల సన్నని గొట్టంలాంటి దారి ఉంటుంది. అందులో నుంచి కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. ఇంప్లాంట్ కోసం వేసే రంధ్రం ఈ నరాన్ని తాకితే పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు. అన్నం మెతుకు పెదవికి అంటుకున్నా తెలియదు. వేడి టీ ఒలికినా తెలియదు. కొందరికి ఈ తిమ్మిరి ఎప్పటికీ పోకపోవచ్చు. అందుకే ఇంప్లాంట్ కొనకూ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎముకను వదిలిపెట్టడం దంతవైద్యంలో నియమం.

ఒక ఉదాహరణ చూద్దాం. పదిహేనేళ్ళ క్రితం కింది దవడ పళ్ళు తీయించుకున్న ఒక తల్లికి నరంపైన 9 మిల్లీమీటర్ల ఎముక మిగిలిందనుకోండి. అందులో 2 మిల్లీమీటర్లు భద్రత కోసం వదిలితే వాడుకోవడానికి మిగిలేది 7 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల మామూలు ఇంప్లాంట్ అక్కడ పెట్టడానికి వీల్లేదు. 6 మిల్లీమీటర్లది పెట్టవచ్చు. పొట్టి ఇంప్లాంట్ల అవసరం ఇక్కడే వస్తుంది.

పొట్టి ఇంప్లాంట్ అంటే ఎంత?

మామూలుగా వాడే ఇంప్లాంట్ల పొడవు 10 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉంటుంది. 8 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ పొడవున్నవాటిని పొట్టి ఇంప్లాంట్లు అనేవారు. ఈమధ్య కాలంలో చాలామంది నిపుణులు 6 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాటికే ఈ పేరు వాడుతున్నారు. 4 మిల్లీమీటర్లవి కూడా ఉన్నాయి.

ఒక విషయం గుర్తుంచుకోండి. మినీ ఇంప్లాంట్లు అనేవి వేరు. అవి సన్నగా, 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మందంతో ఉంటాయి. పొట్టి ఇంప్లాంట్లు పొడవులో తక్కువైనా మందంగానే ఉంటాయి. మీకు చెబుతున్నది ఈ రెండింటిలో ఏదో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

పొట్టిదైతే నిలుస్తుందా?

ఇంటివారు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. "మేకు ఎంత లోతు దిగితే అంత గట్టి కదా డాక్టరుగారూ!" అంటారు. ఆ సందేహం సహజమే. 1980లు, 90లలో వాడిన నున్నటి పొట్టి ఇంప్లాంట్లు పొడవాటివాటి కన్నా ఎక్కువగా ఊడిపోయేవి కూడా. ఆ తర్వాత ఇంప్లాంట్ పైభాగాన్ని గరుకుగా తయారుచేసే పద్ధతులు వచ్చాయి. గరుకుగా ఉన్న లోహాన్ని ఎముక ఎక్కువ చోట్ల పట్టుకుంటుంది. దాంతో తక్కువ పొడవులోనే ఎక్కువ పట్టు దొరుకుతోంది.

మరొక సంగతి ఏమిటంటే, నమిలేటప్పుడు పడే బరువు ఇంప్లాంట్ కొన వరకూ సమానంగా పోదు. అందులో ఎక్కువ భాగం చిగురుకు దగ్గరగా ఉన్న పై కొద్ది మిల్లీమీటర్ల ఎముక మీదే పడుతుంది. కాబట్టి పొడవు ఒక్కటే బలాన్ని నిర్ణయించదు. ఇంప్లాంట్ మందం, ఎముక గట్టిదనం కూడా ముఖ్యమే. గట్టి నేలలో మూరెడు లోతు పాతిన గుంజ కదలదు. ఇసుకలో బారెడు పాతినా ఊగుతుంది. కింది దవడ ఎముక సాధారణంగా గట్టిగా ఉంటుంది. పై దవడ వెనుక భాగం మెత్తగా ఉంటుంది. అందువల్ల పై దవడలో మరింత జాగ్రత్తగా ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి.

పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. 6 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్న ఇంప్లాంట్లను పొడవాటివాటితో పోల్చిన 10 అధ్యయనాలను కలిపి 2018లో ఒక సమీక్ష ప్రచురించారు. ఒకటి నుంచి 5 సంవత్సరాల పరిశీలనలో, అధ్యయనాన్ని బట్టి పొట్టివాటిలో 86.7 నుంచి 100 శాతం వరకూ, పొడవాటివాటిలో 95 నుంచి 100 శాతం వరకూ నిలిచాయి. పొట్టి ఇంప్లాంట్లు చాలావరకు బాగానే పనిచేస్తున్నాయని, వాటి ఫలితాలలో హెచ్చుతగ్గులు మాత్రం ఎక్కువని దీనినిబట్టి అర్థమవుతుంది. ఎవరికి పెట్టాలో సరిగా ఎంచుకోవడం, పెట్టిన తర్వాత కాపాడుకోవడం అందుకే ముఖ్యం.

పొట్టి ఇంప్లాంట్ బలహీనత ఎక్కడ?

దీనిని ఇంటివారు బాగా అర్థం చేసుకోవాలి. ఇంప్లాంట్ చుట్టూ పాచి, గార పేరుకుంటే చిగురు వాచి, రక్తం కారి, చీము పట్టి, చుట్టూ ఉన్న ఎముక కరగడం మొదలవుతుంది. పొడవాటి ఇంప్లాంట్‌కైనా, పొట్టిదానికైనా ఈ జబ్బు రావచ్చు. కానీ ఫలితం ఒకటి కాదు. 12 మిల్లీమీటర్ల ఇంప్లాంట్ చుట్టూ 3 మిల్లీమీటర్ల ఎముక కరిగితే ఇంకా 9 మిల్లీమీటర్ల పట్టు ఉంటుంది. 6 మిల్లీమీటర్లదాని చుట్టూ అంతే ఎముక కరిగితే మిగిలేది 3 మిల్లీమీటర్లే. సగం పట్టు పోయినట్లే. పొట్టి ఇంప్లాంట్ ఉన్నవారు అజాగ్రత్తగా ఉండడానికి చోటు తక్కువని దీని అర్థం.

రెండవ బలహీనత ఒత్తిడి. ఎముక అరిగినచోట పైన కట్టే పన్ను ఎత్తుగా ఉంటుంది, లోపల ఉండే ఇంప్లాంట్ పొట్టిగా ఉంటుంది. పక్కల నుంచి వచ్చే ఒత్తిడి దానిని ఎక్కువగా ఊపుతుంది. అందుకని దంతవైద్యులు పక్కపక్కనున్న రెండు మూడు ఇంప్లాంట్ల తొడుగులను కలిపి కడతారు. తొడుగు నమిలే భాగాన్ని కాస్త ఇరుకుగా చేస్తారు. ఆధారం లేని పన్నును చివర వేలాడదీయరు. నిద్రలో పళ్ళు పటపట కొరికే అలవాటు ఉంటే రాత్రిపూట పెట్టుకునే రక్షణ తొడుగు ఇస్తారు. ఆ అలవాటు ఉన్న సంగతి రోగికి తెలియదు. పక్కన పడుకునేవారికే తెలుస్తుంది. కాబట్టి ఆ మాట డాక్టరుగారికి మీరే చెప్పాలి.

ఎముక పెంచి పొడవాటిది పెట్టించుకోవడం మేలా?

పై దవడలో సైనస్ అడుగు పొరను పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడిని నింపే పద్ధతి ఉంది. దీనిని సైనస్ లిఫ్ట్ అంటారు. 1970ల నుంచి ఈ చికిత్స చేస్తున్నారు. అనుభవమున్నవారి చేతిలో మంచి ఫలితాలే వస్తాయి. అయితే కొత్త ఎముక గట్టిపడడానికి తరచుగా ఆరు నెలల వరకూ ఆగవలసి వస్తుంది. వాపు, ఖర్చు ఎక్కువ. పొర చిరగడం, సైనస్‌లో ఇన్‌ఫెక్షన్ రావడం వంటి ఇబ్బందులు కొందరికి కలుగుతాయి. కింది దవడ వెనుక భాగంలో ఎముక ఎత్తు పెంచడం ఇంకా కష్టమైన పని.

పొట్టి ఇంప్లాంట్‌తో ఈ ఆపరేషను తప్పుతుంది. కాలం, ఖర్చు, బాధ తగ్గుతాయి. వయసు మీద పడినవారికి, ఇతర జబ్బులున్నవారికి ఇది పెద్ద మేలు. అయితే కొన్ని సందర్భాలలో ఎముక పెంచడమే సరైన మార్గం. మిగిలిన ఎముక ఎత్తు 4 మిల్లీమీటర్ల కన్నా కూడా తక్కువైతే పొట్టి ఇంప్లాంట్‌కు కూడా సరైన పట్టు దొరకదు. ఎముక ఎత్తు బాగానే ఉండి వెడల్పు తగ్గి, కత్తి అంచులా సన్నబడినచోట కూడా పొట్టి ఇంప్లాంట్ ఉపయోగపడదు. దానికి రెండు వైపులా ఎముక గోడ ఉండాలి. ఇది ఎత్తు కొరతను తీర్చగలదు గాని వెడల్పు కొరతను తీర్చలేదు.

ఇతర మార్గాలు

ఇంప్లాంట్ పెట్టించుకోకపోతే జీవితం ఆగిపోదు. సరిగా కుదిరిన కట్టుడు పళ్ళతో హాయిగా తినేవారు ఎందరో ఉన్నారు. పక్క పళ్ళు గట్టిగా ఉంటే వాటిని అరగదీసి బ్రిడ్జి కట్టవచ్చు. కింది పళ్ళు మొత్తం పోయి, కట్టుడు పళ్ళు నిలవక బాధపడేవారికి దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటికి కట్టుడు పళ్ళ సెట్టును గుండీలాగా బిగించే పద్ధతి ఉంది. కెనడాలో 2002లో సమావేశమైన నిపుణులు కింది దవడకు ఇదే మొదటగా ఆలోచించవలసిన చికిత్స అని సూచించారు. దవడ ముందు భాగంలో ఎముక సాధారణంగా ఎక్కువ కాలం మిగిలి ఉంటుంది కాబట్టి ఇది చాలామందికి అందుబాటులో ఉండే మార్గం.

ముందు చెప్పవలసిన జబ్బులు, మందులు

డాక్టరుగారి దగ్గర ఏదీ దాచకండి. ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. ముఖ్యంగా ఈ విషయాలు చెప్పండి.

* షుగరు: అదుపులో ఉంటే ఇంప్లాంట్ పెట్టవచ్చు. అదుపులో లేకపోతే పుండు మానదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మూడు నెలల సగటు షుగరు పరీక్ష సుమారు 7 నుంచి 8 శాతం లోపు ఉంటే మంచిదని ఎక్కువమంది వైద్యులు భావిస్తారు.
* పొగాకు: సిగరెట్, బీడీ, చుట్ట తాగేవారికి ఇంప్లాంట్ విఫలమయ్యే ప్రమాదం సుమారు రెండింతలు. ఉత్తర కోస్తా పల్లెలలో కొందరు స్త్రీలకు ఉన్న అడ్డపొగ అలవాటు నోటికి మరీ హాని. ఖైనీ, గుట్కా కూడా చిగుళ్ళను పాడుచేస్తాయి.
* ఎముకలు గుల్లబారినందుకు వాడే మందులు: వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రలు, సంవత్సరానికొకసారి తీసుకునే జోలెడ్రోనిక్ ఇంజక్షన్, డెనోసుమాబ్ వంటివి వాడేవారిలో అరుదుగా దవడ ఎముక మానకుండా చచ్చుబడవచ్చు. క్యాన్సరు కోసం ఇవే మందులను ఎక్కువ మోతాదులో తీసుకునేవారికి సాధారణంగా ఇంప్లాంట్లు పెట్టరు.
* దవడకు, మెడకు రేడియేషన్ చికిత్స జరిగి ఉంటే ఎన్నేళ్ళయినా సరే చెప్పి తీరాలి.
* రక్తం పలచబడే మందులు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి సొంతంగా ఆపకండి. ఆపితే గుండెకు, మెదడుకు ప్రమాదం. గుండె డాక్టరుగారు, దంతవైద్యులు మాట్లాడుకుని నిర్ణయిస్తారు.
* గత ఆరు నెలలలో గుండెపోటు వచ్చి ఉంటే సాధారణంగా ఈ చికిత్సను వాయిదా వేస్తారు.

పరీక్షలు, చికిత్స

ముందుగా నోరంతా చూసి, చిగుళ్ళ వ్యాధి ఉంటే దానికి చికిత్స చేస్తారు. మిగిలిన పళ్ళ చుట్టూ చీము ఉండగా ఇంప్లాంట్ పెట్టకూడదు. దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీస్తారు. దానితో ఎముక ఎత్తు ఒక అంచనాకు వస్తుంది గాని వెడల్పు తెలియదు. పొట్టి ఇంప్లాంట్ విషయంలో ఒక్క మిల్లీమీటరు తేడా కూడా ముఖ్యం కాబట్టి దవడ స్కానింగ్ అవసరమవుతుంది. ఇందులో ఎముకను మూడు వైపుల నుంచీ కొలవవచ్చు. నరం ఏ దారిన పోతున్నదీ, సైనస్ ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది.

చికిత్స రోజున చిగురుకు మత్తు ఇంజక్షన్ ఇస్తారు. చాలామందికి పూర్తి మత్తు అవసరం ఉండదు. చిగురును కొద్దిగా తెరిచి, నెమ్మదిగా తిరిగే డ్రిల్లుతో, చల్లని సెలైన్ పోస్తూ ఎముకలో రంధ్రం చేస్తారు. ఎముక వేడెక్కి 47 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది కాబట్టి సెలైన్ తప్పనిసరి. ఆ తర్వాత ఇంప్లాంట్ బిగించి కుట్లు వేస్తారు. ఎముక అతుక్కోవడానికి సుమారు రెండు నుంచి నాలుగు నెలలు ఆగి, అప్పుడు పన్ను తొడుగు కడతారు. మెత్తని ఎముకలో ఇంకా కొంతకాలం ఆగవలసి రావచ్చు.

ఇంటికి వచ్చాక మీరు చేయవలసినవి

* మొదటి రోజు గట్టిగా పుక్కిలించనివ్వకండి, ఉమ్మనివ్వకండి. దవడపై గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలతో మధ్య మధ్య కాపడం పెట్టండి.
* వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది. భయపడనవసరం లేదు.
* జావ, ఇడ్లీ, మెత్తని పప్పన్నం, పెరుగన్నం చల్లార్చి పెట్టండి. గట్టివి, కారంగా ఉన్నవి, బాగా వేడిగా ఉన్నవి వద్దు.
* షుగరు ఉన్నవారు తిండి తగ్గించి మందు మామూలుగా వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. తిండి, మందు సంగతి ముందే అడిగి తెలుసుకోండి.
* మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో నెమ్మదిగా పుక్కిలించాలి. మిగిలిన పళ్ళు మామూలుగా తోముకోవాలి.
* రాసిచ్చిన మందులు రాసినన్ని రోజులూ వాడాలి. పొగాకు పూర్తిగా మానాలి.
* సైనస్‌కు చికిత్స జరిగి ఉంటే రెండు వారాల వరకూ ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

మత్తు ఇంజక్షన్ ప్రభావం కొన్ని గంటలలో పోతుంది. మరుసటి రోజు ఉదయానికి కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే వెంటనే ఫోను చేయండి, లేదా రోగిని తీసుకురండి. ఇంప్లాంట్ నరాన్ని నొక్కుతుంటే మొదటి ఒకటి రెండు రోజులలోనే దానిని తీసివేయడం వల్ల నరం కోలుకునే అవకాశం ఎక్కువ. "అదే తగ్గుతుందిలే" అని వారాలు గడిపితే ఆ అవకాశం పోతుంది. పెద్దవారు ఇటువంటివి ఇంట్లో చెప్పకుండా ఓర్చుకుంటారు. కాబట్టి మీరే అడగండి. పెదవిని మెల్లగా తాకి రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా అని చూడండి.

ఆగని రక్తస్రావం, మూడు రోజుల తర్వాత కూడా పెరిగే వాపు, జ్వరం, చీము, నోరు తెరవలేకపోవడం, మింగడానికి లేక ఊపిరికి కష్టం కావడం కూడా వెంటనే చూపించుకోవలసినవే.

ఏళ్ళ తరబడి కాపాడుకోవడం

ఇంప్లాంట్ పన్ను పుచ్చిపోదు. కానీ దాని చుట్టూ చిగురు పాడవుతుంది. రోజూ రెండు పూటలా మెత్తని బ్రష్‌తో తోమాలి. తొడుగులు కలిపి కట్టినచోట వాటి అడుగున సన్నని దారపు బ్రష్‌తో శుభ్రం చేయాలి. కళ్ళు సరిగా కనిపించనివారికి, చేతులు వణికేవారికి, పక్షవాతం వచ్చినవారికి ఇది కష్టం. అటువంటివారికి కొడుకో కోడలో కూతురో రోజుకొకసారి శుభ్రం చేసిపెట్టాలి. ఆ వీలు ఇంట్లో లేకపోతే ఇంప్లాంట్ కన్నా తీసి కడుక్కునే కట్టుడు పళ్ళే మేలు కావచ్చు. నిర్ణయం తీసుకునే ముందే ఇది ఆలోచించండి.

నొప్పి లేకపోయినా ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఇంప్లాంట్ చుట్టూ ఎముక కరుగుతున్నా చాలాకాలం నొప్పి ఉండదు. తోముకునేటప్పుడు రక్తం రావడమే తరచుగా మొదటి గుర్తు.

తరచుగా అడిగే ప్రశ్నలు

*మా నాన్నగారికి 75 ఏళ్ళు. ఈ వయసులో పెట్టించవచ్చా?*
వయసు ఒక్కటే అడ్డు కాదు. ఆరోగ్యం నిలకడగా ఉండి, నోరు శుభ్రంగా ఉంచుకోగలిగితే పెట్టించవచ్చు.

*మూడు రోజుల్లో పళ్ళు కట్టేస్తామని ప్రకటనలు చూశాం. నిజమేనా?*
కొన్ని పరిస్థితులలో తొందరగా పళ్ళు కట్టడం సాధ్యమే. అయితే పొట్టి ఇంప్లాంట్లకు ఎముకలో పట్టు తక్కువ కాబట్టి సాధారణంగా అవి అతుక్కునే వరకూ బరువు వేయకుండా ఆగడమే క్షేమం.

*తర్వాత ఎం.ఆర్.ఐ. స్కానింగ్ తీయించుకోవచ్చా?*
తీయించుకోవచ్చు. టైటానియం వల్ల సాధారణంగా ప్రమాదం లేదు. స్కానింగ్ చేసేవారికి ఇంప్లాంట్ ఉందని చెప్పండి.

*పన్ను కదులుతోంది. ఇంప్లాంట్ పోయినట్లేనా?*
కాకపోవచ్చు. పైనున్న తొడుగు మర వదులైనా కదులుతుంది. దానిని తిరిగి బిగించవచ్చు. అయితే ఆలస్యం చేయకుండా చూపించండి.

*పొట్టి ఇంప్లాంట్ ఊడిపోతే ఏమవుతుంది?*
అది పొట్టిది కాబట్టి సాధారణంగా తీయడం సులువే. పుండు మానాక మళ్ళీ పెట్టవచ్చా, ఎముక పెంచాలా, కట్టుడు పళ్ళకు వెళ్ళాలా అన్నది మిగిలిన ఎముకను బట్టి చూస్తారు.

ఒప్పుకునే ముందు డాక్టరుగారిని అడగండి

1. స్కానింగ్‌లో ఎముక ఎత్తు, వెడల్పు ఎంత ఉన్నాయి?
2. నరానికి లేక సైనస్‌కు ఎంత దూరం మిగులుతుంది?
3. ఏ పొడవు, ఏ మందం ఇంప్లాంట్ పెడుతున్నారు? ఎందుకు?
4. ఎముక పెంచడం, కట్టుడు పళ్ళు, బ్రిడ్జి వంటి మార్గాలు మాకు ఎందుకు సరిపోవు?
5. స్కానింగ్, తొడుగు, తర్వాతి పరీక్షలు అన్నీ కలిపి మొత్తం ఖర్చు ఎంత?
6. ఇది విఫలమైతే తర్వాత ఏం చేస్తారు?

చికిత్స అయ్యాక ఇంప్లాంట్ కంపెనీ పేరు, పొడవు, మందం రాసిన కార్డు అడిగి తీసుకుని మెడికల్ ఫైలులో భద్రపరచండి. ఊరు మారినా, పదేళ్ళ తర్వాత మర మార్చవలసి వచ్చినా ఆ కార్డే ఆధారం.

ఎముక తగ్గిందన్న మాట విని నిరాశపడకండి. తొందరపడి సంతకం కూడా చేయకండి. కొలతలు చూపించమని అడగండి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, పెద్దవారి ఇష్టాన్ని కూడా తెలుసుకోండి. ఇంకా సందేహాలుంటే దంతవైద్య విభాగానికి వచ్చి అడగడానికి మొహమాటపడకండి. దేవుడు మీ ఇంటి పెద్దలకు ఆరోగ్యాన్ని, కుటుంబంతో కలిసి కూర్చుని కడుపునిండా తినే సంతోషాన్ని అనుగ్రహించును గాక.